ఇంట్లో తెలియని పురుగు కనిపిస్తే: గోదావరి డెల్టా ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

సార్వా (ఖరీఫ్ వరి) చేలు కోతకొచ్చే రోజుల్లో, సాయంత్రం ఆరు దాటాక మా వసారాలో లైటు వెయ్యాలంటే ఆలోచించాల్సిందే. వేసిన పది నిమిషాలకే గోడంతా పురుగు. అలాంటి ఒక సాయంత్రం మా అమ్మాయి లైటు కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. మెడ మీద ఏదో పాకినట్టుంటే చూడకుండా అరచేత్తో రాసేసింది. ఆ రాత్రి ఏమీ లేదు, మర్నాడు పగలంతా ఏమీ లేదు. రెండో రోజు పొద్దున్న లేచేసరికి మెడ మీద అట్లకాడతో వాత పెట్టినట్టు పొడుగ్గా ఎర్రటి గీత, దాని మీద సన్నటి పొక్కులు. చూసినవాళ్ళంతా సర్పి అన్నారు. చూపించిన చోట కూడా సర్పి అనే మందు రాశారు. ఐదు రోజులు పిల్లకి ఆ మాత్రలు మింగించాం. తర్వాత చర్మవ్యాధుల డాక్టరు గారు చూసి, "ఇది సర్పి కాదమ్మా, పురుగు రసం. మీ ఇల్లు చేల పక్కనా?" అని అడిగారు.

ఆ పురుగు సెంటీమీటరుకి మించి ఉండదు. చేత్తో రాయకుండా ఉఫ్ అని ఊదేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అప్పటినుంచి ఇంట్లో కనిపించిన ప్రతి పురుగునీ ఆగి చూడడం అలవాటు చేసుకున్నాను. ఇరుగుపొరుగు వాళ్ళు గ్లాసులో పట్టుకొచ్చి "పిన్నిగారూ, ఇదేం పురుగండీ?" అని అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పురుగు పూర్తి పేరు తెలియకపోయినా పని జరుగుతుంది. తేల్చుకోవాల్సినవి మూడే. అది మనిషికి హాని చేసేదా? ఇంటికో, తిండిగింజలకో, తోటకో నష్టం చేసేదా? దారి తప్పి వచ్చిందా, ఇంట్లోనే కాపురం పెట్టిందా? కింద చెప్పేవన్నీ ఈ మూడూ తేల్చుకోవడానికే.

మొదటి అడుగు: చెయ్యి ఆపండి

పురుగు ఒంటి మీద ఉంటే కొట్టకండి, నలపకండి, రాయకండి. గట్టిగా ఊదండి. పోకపోతే దాని ముందు ఒక కాగితం అంచు పెట్టండి, దాని మీదికి అదే ఎక్కుతుంది. తర్వాత అది పాకిన మేర సబ్బు పెట్టి కడుక్కోండి. పిల్లలకి చిన్నప్పుడే నేర్పించాల్సిన విషయం ఇది. "పురుగు వాలితే ఊదాలి" అన్న ఒక్క మాట మూడేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది.

గోడ మీదో నేల మీదో ఉంటే తొందరేమీ లేదు. చెప్పు తీసే ముందు ఒక్క నిమిషం చూడండి. నలిపేశాక అది ఏమిటో ఎవరూ చెప్పలేరు. మళ్ళీ రేపు పది వస్తే ఏం చెయ్యాలో కూడా తెలియదు.

రెండో అడుగు: గ్లాసూ శుభలేఖా

పురుగును పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు. పారదర్శకంగా ఉండే గాజు గ్లాసునో ప్లాస్టిక్ డబ్బానో పురుగు మీద బోర్లించండి. పాత శుభలేఖ అట్టను గోడకీ గ్లాసు అంచుకీ మధ్య మెల్లగా జరపండి. పురుగు లోపల, చెయ్యి బయట. మామూలు కాగితం మధ్యలో వంగిపోతుంది, శుభలేఖ అట్టయితే వంగదు. మా ఇంట్లో స్విచ్ బోర్డు పక్కన మేకుకి ఒకటి ఎప్పుడూ వేలాడుతుంటుంది.

తేలు, జెర్రి, కందిరీగ అని అనుమానం ఉంటే ఈ పని పిల్లలకి అప్పగించకండి. కాళ్ళకి చెప్పులు వేసుకుని, పొడుగు పట్టకారో చీపురో వాడండి.

మూడో అడుగు: ఫోటో

దూరంనుంచి తీసిన ఒక్క ఫోటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. మూడు తియ్యండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల వైపునుంచి ఒకటి. పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు కాబట్టి పురుగు ఎంతుందో వెంటనే తెలుస్తుంది. పురుగు కదులుతుంటే గ్లాసును పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మందకొడిగా అవుతుంది.

ఈ ఫోటోలను గూగుల్ లెన్స్‌లో వేస్తే ఏదో ఒక పేరు వస్తుంది. దాన్ని ఆధారంగా తీసుకోండి గానీ తీర్పుగా తీసుకోకండి. అదే రంగున్న వేరే దేశపు పురుగు పేరు చాలాసార్లు చెప్పేస్తుంది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే పురుగులు తెలిసిన మనుషులు చూసి చెబుతారు, కాస్త ఆలస్యమైనా అది మెరుగు. అందులో మీ ఇంటి చోటు కచ్చితంగా కనపడకుండా దాచే సదుపాయం ఉంది, దాన్ని వాడుకోండి.

నాలుగో అడుగు: కాళ్ళు, రెక్కలు, మూతి

ముందు కాళ్ళు లెక్కపెట్టండి. ఆరుంటే కీటకం. ఎనిమిదుంటే సాలెపురుగో, పిడుదో, తేలో. శరీరం పొడుగునా బోలెడు కాళ్ళుంటే జెర్రి లేదా రోకలిబండ. ఈ రెండింటికీ తేడా తెలియాలి. జెర్రి బల్లపరుపుగా ఉండి, చరచరా పరిగెడుతుంది, కరుస్తుంది. రోకలిబండ గుండ్రంగా ఉండి నిదానంగా నడుస్తుంది, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది. అది కరవదు, కానీ కొన్నిటి ఒంటినుంచి వచ్చే రసం కళ్ళలో పడితే మండుతుంది.

ఆరు కాళ్ళుంటే రెక్కలు చూడండి. వీపు మీద గట్టి డిప్పల్లా ఉండి మధ్యలో నిలువు గీతలా కలుస్తుంటే పెంకు పురుగు జాతి. వీపు మీద ఇంటూ గుర్తులా మడతపడి, మూతి సూదిలా పొట్ట కిందికి వంగి ఉంటే నల్లి జాతి. ఇవి గుచ్చగలవు. రెండే రెక్కలుంటే ఈగ, దోమ కుటుంబం. నాలుగు పల్చటి రెక్కలూ సన్నటి నడుమూ ఉంటే చీమ, తేనెటీగ, కందిరీగల బంధువు.

ఐదో అడుగు: ఎప్పుడొచ్చింది, ఎక్కడినుంచి వచ్చింది

మన డెల్టాలో పురుగును పట్టిచ్చేది రంగుకంటే ముందు రుతువు. చేలల్లో ఏం జరుగుతోందో ఇంట్లో లైటు చెబుతుంది. సార్వా, దాళ్వా (రబీ) పైర్లు ఈనే దశనుంచి కోతల దాకా, కోసిన వారం రోజులూ, చేలోని జీవులన్నీ ఊళ్ళోకి తరలి వస్తాయి. తొలకరి వానకి ఉసిళ్ళు లేస్తాయి. గోదావరికి వరదొస్తే లంకల్లో, ఏటిగట్టు పక్క ఇళ్ళలో తేళ్ళు, జెర్రులు పొడి చోటు వెతుక్కుంటూ అటకలెక్కుతాయి. భీమవరం, ఉండి వైపు చేపల చెరువుల పక్కన ఉంటే నీటి పురుగులు అదనం.

లైటు కిందికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం మనిషిని ఏమీ చెయ్యవు. లేత ఆకుపచ్చ రంగులో బియ్యపు గింజంత ఉండి టపటపా ఎగిరేవి పచ్చదీపపు పురుగులు. పేరులోనే దీపం ఉంది చూడండి. గోధుమ రంగులో ఇంకా చిన్నగా ఉండేవి సుడిదోమలు. దోమ అంటాం గానీ మనిషి నెత్తురు తాగవు, వరి దుబ్బు మొదట్లో రసం పీలుస్తాయి. పసుపు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క ఉండే చిన్న సీతాకోకల్లాంటివి కాండం తొలుచు పురుగు తల్లులు. ఇవి లైటు దగ్గర ఎక్కువగా కనిపిస్తే ఇంట్లో మందు కొట్టి లాభం లేదు, పొద్దున్నే చేను చూసుకోవాలి. సన్నగా పొడుగ్గా ఉండి, ముట్టుకుంటే ముక్కు పగిలే వాసన వేసేది కంపునల్లి.

చేపల చెరువుల దగ్గర గుంపులుగా వచ్చి గోడలకి అంటుకునే 'దోమలు' అన్నీ దోమలు కావు. కూర్చున్నప్పుడు వెనక కాళ్ళు పైకెత్తితే దోమ. ముందు కాళ్ళు చాపి పైకెత్తి, మగవాటికి ఈకల్లాంటి మీసాలుంటే అది కుట్టని రకం. బురదలో పెరిగి, నాలుగు రోజులు బతికి పోతుంది. ఊడ్చేస్తే చాలు.

అరచేతిలో సగం ఉండి, ఎండుటాకులా బల్లపరుపుగా, ముందు కాళ్ళు కొడవళ్ళలా ఉండే పురుగు లైటు కింద దబ్బున పడితే చేత్తో తియ్యకండి. అది నీళ్ళలో చేపపిల్లలనీ కప్పపిల్లలనీ పట్టి తినే పెద్ద నల్లి. గుచ్చితే ప్రాణం మీదికి రాదు గానీ నొప్పి మాత్రం మామూలుగా ఉండదు. చేటలోకి ఎత్తి కాలవలో వదిలెయ్యండి.

గోడ మీద నడిచే గింజ

అన్నిటికంటే ఎక్కువమంది నన్నడిగేది దీని గురించే. బాత్‌రూం గోడ మీదో, అల్మరా వెనకో, బూడిద రంగులో దోసగింజలా ఏదో అంటుకుని ఉంటుంది. సిమెంటు పెచ్చేమో అనుకుంటాం. కాసేపు చూస్తే కదులుతుంది. ఒక చివరనుంచి చిన్న గోధుమరంగు తల బయటికొచ్చి, గోడని పట్టుకుని, సంచీని ఈడ్చుకుంటుంది. వేలితో తాకితే లోపలికి పోయి, కాసేపటికి రెండో చివరనుంచి తల పెడుతుంది. సంచీకి రెండు వైపులా తలుపులే! అది ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. తన పట్టుదారానికి ఇసుక రేణువులు, దుమ్ము అతికించి ఆ సంచీ కట్టుకుంటుంది. బూజు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు, ఉన్ని దాని తిండి. కరవదు, కుట్టదు. అది ఎక్కువగా ఉందంటే గదిలో చెమ్మ, బూజు ఎక్కువున్నాయని అర్థం. బూజుకర్రతో దులిపి, మంచాల కింద ఊడ్చి, కిటికీలు తెరిస్తే తగ్గిపోతాయి. మందు అక్కర్లేదు.

గోడకి మట్టి గూడు కట్టే కందిరీగ కూడా అలాంటిదే. పురుగుని తెచ్చి గూట్లో పెట్టి, ఝుంకారం చేసి తనలా మార్చుకుంటుందని భ్రమరకీటక న్యాయం చెబుతుంది. నిజానికి జరిగేది వేరు. సాలెపురుగునో గొంగళినో కుట్టి, కదలకుండా చేసి లోపల పెట్టి గుడ్డు పెడుతుంది. పిల్ల దాన్ని తిని పెరిగి, రెక్కలొచ్చాక బయటికొస్తుంది. ఒంటరిగా బతికే ఈ కందిరీగ మన జోలికి దాదాపుగా రాదు. ప్లగ్గు కన్నాల్లోనో తాళం రంధ్రంలోనో కడితేనే ఇబ్బంది. గూడు ఖాళీ అయ్యాక చెక్కేయండి. చూరుకి వేలాడే గుంపు గూళ్ళూ, పెద్ద తేనెపట్టులూ వేరే సంగతి. వాటికి మీ అంతట మీరు పొగ పెట్టకండి, అలవాటున్నవాళ్ళని పిలవండి.

అసలు జాగ్రత్త పడాల్సింది

మా అమ్మాయి మెడ కాల్చిన పురుగు గురించి వివరంగా చెప్పాలి. చూడ్డానికి పొడుగాటి చీమలా ఉంటుంది. నిడివి 7 నుంచి 10 మిల్లీమీటర్లు. తల నలుపు, మెడ దగ్గర నారింజ, మధ్యలో నీలమో ఆకుపచ్చో మెరిసే పొట్టి డిప్ప, తర్వాత మళ్ళీ నారింజ, తోక చివర నలుపు. పట్టీలు పట్టీలుగా ఉంటుంది. పరిగెడుతూ తోకని తేలులా పైకెత్తుతుంది. రెక్కలు ఆ పొట్టి డిప్ప కింద మడిచి దాచుకుంటుంది, అందుకే ఎగరదనుకుంటాం. లైటుకి ఎగిరే వస్తుంది. వార్తల్లో దీన్ని నైరోబీ ఈగ అంటారు గానీ ఇది ఈగ కాదు, పెంకు పురుగు జాతి. 2022లో సిక్కింలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు చాలామంది ఈ జాతి పురుగు వల్లే చర్మం కాలి ఇబ్బంది పడ్డారు.

ఇది కరవదు, కుట్టదు. దాని ఒంట్లో పెడెరిన్ అనే విషం ఉంటుంది. పురుగు లోపల బతికే ఒక బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. నలిపితేనే ఆ రసం బయటికొచ్చి చర్మానికి అంటుతుంది. మంట వెంటనే రాదు, 24 నుంచి 48 గంటలకి వస్తుంది. అందుకే ఎవరికీ పురుగు గుర్తుకురాదు. నలిపిన దారి వెంబడి గీతలా వస్తుంది. మోచేతి మడతలోనో మోకాలి వెనకో అయితే మడతకి అటూ ఇటూ ఒకేలాంటి మచ్చలు అచ్చు గుద్దినట్టు పడతాయి. సర్పి సాధారణంగా ఒంటికి ఒక పక్కనే నరం దారిలో వస్తుంది, చాలామందికి పొక్కులకి ముందే నొప్పి, సలుపు మొదలవుతాయి. ఈ తేడా డాక్టరుకి చెప్పండి. కోతల కాలమనీ, లైటు కింద పడుకున్నామనీ కూడా చెప్పండి.

నలిపేసినట్టు తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. అదే చేత్తో కళ్ళు నులమకండి. రసం వేళ్ళనుంచి కంటికి చేరితే రెప్పలు వాచిపోతాయి. కంటికి తగిలితే శుభ్రమైన నీళ్ళతో బాగా కడిగి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేసుకున్న బట్టలు, దిండు గలీబు ఉతకండి. పొక్కులొస్తే తడిగుడ్డ చల్లగా వెయ్యండి. సున్నం, పసుపు, టూత్‌పేస్టు పెట్టకండి. పూత మందు డాక్టరు చెప్పాకే రాయండి. రెండు మూడు వారాల్లో మానుతుంది. నల్లమచ్చ మాత్రం కొన్నాళ్ళు ఉంటుంది, ఎండ తగలనివ్వకపోతే త్వరగా పోతుంది.

ఇదే పురుగు చేలో సుడిదోమల్ని తినే మిత్రపురుగు. చేలో దాన్ని చంపుకోవడం రైతుకి నష్టం. కాబట్టి మన పనల్లా అది మన పక్క మీదికి రాకుండా చూసుకోవడమే.

ఆరో అడుగు: లైటు సర్దుకోండి

వీధి వైపు తెల్లటి లైటు తీసేసి పసుపు వెలుగు బల్బు పెట్టండి. పురుగు గణనీయంగా తగ్గుతుంది. కోతల రోజుల్లో చీకటి పడిన మొదటి మూడు గంటలూ వసారా లైటు ఆపేసి, కిటికీలకి కర్టెన్లు వెయ్యండి. పురుగు ఉధృతంగా ఉంటే ఇంటికి ఇరవై అడుగుల దూరంలో ఒక తెల్ల బల్బు వేలాడదీసి, కింద సబ్బు నీళ్ళ తొట్టి పెట్టండి. సగం అటే పోతాయి. మిత్రపురుగులు కూడా పడతాయి కాబట్టి మరీ అవసరమైన రోజుల్లోనే ఈ పని చెయ్యండి.

పడుకునే మంచాన్ని ట్యూబులైటు కిందనుంచి జరపండి. పడుకునే ముందు దుప్పటి, దిండు దులపండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. దండెం మీద ఆరేసిన బట్టలు చీకటి పడకముందే తెచ్చి, దులిపి మడత పెట్టండి.

ఇంట్లో కాపురం పెట్టేవి

ఉసిళ్ళు బయటినుంచి వస్తే గొడవ లేదు. కిటికీ మూలో, గుమ్మం చెక్క పగుల్లోనుంచో వస్తుంటే, రాలిన రెక్కలు అక్కడే కుప్పగా ఉంటే, ఇంట్లోనే చెదలున్నాయని అర్థం. నాలుగు రెక్కలూ ఒకే పొడుగుంటే చెదలు. ముందు జత పెద్దదిగా ఉండి, నడుము సన్నగా, మీసాలు మోచేతిలా వంగి ఉంటే రెక్కల చీమ. చెదలైతే గుమ్మాలు, ద్వారబంధాలు తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే తెలిసినవాళ్ళని పిలిపించండి. పైపైన కిరసనాయిలు పోస్తే పైకి కనిపించే మట్టి గొట్టంలోవి చస్తాయి గానీ పుట్టలోవి చావవు.

మంచం సందుల్లో కందిబద్దంత గోధుమరంగు పురుగు, దుప్పటి మీద చిన్న నల్ల మరకలు కనిపిస్తే నల్లులు. సందుల్లో సలసల మరిగే నీళ్ళు పోసి, బట్టలు వేడినీళ్ళలో ఉతికి, వారానికోసారి మళ్ళీ చూడండి. ఒక్కసారితో పోవు. బాత్‌రూంలో గుండె ఆకారపు బొచ్చు రెక్కల చిన్న ఈగలుంటే జాలీ తీసి, గొట్టం లోపలి జిగురు బ్రష్షుతో తోమండి. అవి పెరిగేది అందులోనే.

బియ్యంలో ముక్కుపురుగు పడితే ఎండలో పోసి, చెరిగి, గాలి దూరని డబ్బాలో పెట్టండి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మాత్రం ఇంట్లో పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు. చెమ్మ తగిలితే వాటినుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో నిద్రపోతున్నవాళ్ళ ప్రాణాలు తీస్తుంది. అలాగే చేనుకి కొట్టే మందు మిగిలింది కదా అని నల్లులకీ బొద్దింకలకీ కొట్టకండి. ఆ మందు కూల్‌డ్రింకు సీసాలో పోసి అటక మీద పెట్టడం ఇంకా ప్రమాదం. పిల్లలు తాగేస్తారు.

కొబ్బరితోట ఉన్నవాళ్ళ ఇంట్లోకి తల మీద కొమ్మున్న నల్లటి పెద్ద పురుగు ఎగిరొస్తే అది కొమ్ముపురుగు. మనిషిని ఏమీ చెయ్యదు, కానీ దొడ్లో పెంటకుప్ప తిరగెయ్యాల్సిన సమయం వచ్చిందని చెబుతోంది. తెల్లగా, లావుగా, వంకరగా ఉండే దాని పిల్లలు అందులోనే పెరుగుతాయి. పొడుగు ముక్కుతో ఎర్రగా ఉండేదయితే ఎర్రముక్కు పురుగు. ఇంకా ముఖ్యం, చెట్లు ఆ వారమే చూసుకోండి.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు

తేనెటీగ కుడితే ముల్లు వెంటనే గోటితోనో కార్డుతోనో గీకి తియ్యండి, చల్లటి గుడ్డ వెయ్యండి. కుట్టాక ఆయాసం, పెదవులో నాలుకో వాపు, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు తిరగడం ఉంటే ఇంటి వైద్యం వద్దు, 108కి ఫోన్ చెయ్యండి. పిల్లల్ని తేలు కుడితే నొప్పి తగ్గుతుందేమో అని చూస్తూ కూర్చోకండి, మంత్రం వేయించడానికి టైం పోనివ్వకండి. జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడో, ముఖ్యంగా చంకలోనో గజ్జలోనో, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. కంటికి కనపడనంత చిన్న, పిడుదుల బంధువైన పురుగు పిల్ల (మంచం నల్లి కాదు) కుడితే వస్తుంది. త్వరగా గుర్తిస్తే తేలిగ్గా తగ్గే జబ్బు. ఆ పక్కు ఉన్నట్టు డాక్టరుకి మీరే చూపించండి.

చెవిలో పురుగు దూరితే పుల్ల పెట్టి తవ్వకండి. ఆ చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి, గోరువెచ్చని కొబ్బరినూనె కొన్ని చుక్కలు వేస్తే పురుగు చస్తుంది. తర్వాత డాక్టరు చేత తీయించండి. చెవిలో చీము కారే అలవాటున్నవాళ్ళకి నూనె వెయ్యకూడదు.

ఎవరిని అడగాలి

ఎంత చూసినా తేలకపోతే, ముఖ్యంగా పంటకో తోటకో సంబంధించిందని అనిపిస్తే, మన దగ్గరే తెలిసినవాళ్ళున్నారు. వరి పురుగులకి మార్టేరు వ్యవసాయ పరిశోధన స్థానం, కొబ్బరికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, అన్నిటికీ ఉండి గ్రామంలోని కృషి విజ్ఞాన కేంద్రం. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గర్లో ఉంటే రైతు సేవా కేంద్రంలో అడగండి.

వెళ్ళేటప్పుడు పురుగును చిన్న మందు సీసాలో వేసి, మునిగేలా శానిటైజర్ పొయ్యండి. జిగురు రకం కాకుండా నీళ్ళలా ఉండే రకం అయితే మేలు, కాళ్ళు, మీసాలు ఊడకుండా ఉంటాయి. చిన్న కాగితం ముక్క మీద పెన్సిలుతో తేదీ, ఊరు, ఇంట్లో ఏ చోట దొరికింది, లైటు ఏ రంగు, చుట్టుపక్కల చేలో ఏ పైరు ఏ దశలో ఉంది, ఇవి రాసి సీసాలోనే వెయ్యండి. పెన్ను సిరా కరిగిపోతుంది, పెన్సిలు రాత చెదరదు.